గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిర్మూలించగలమన్న మాటకు ఆధారాలు ఎంత బలమైనవి?

ప్రశ్న: జిజ్ఞాసువు

అందరికీ నమస్కారం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయవచ్చని చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరు 17న ఒక వ్యూహాన్ని ప్రకటించింది. దాని ప్రకారం 2030 నాటికి ప్రతి దేశంలోనూ 15 ఏళ్లు నిండేలోపు 90 శాతం బాలికలకు, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ)ను అడ్డుకునే టీకా పూర్తి కావాలి. 70 శాతం స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరొకసారి నమ్మదగిన స్క్రీనింగ్ (లక్షణాలు లేనప్పుడే వ్యాధి జాడను వెతికే) పరీక్ష జరగాలి. క్యాన్సర్ గానీ దాని ముందు దశ గానీ బయటపడినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలి. ఏడాదికి లక్ష మంది స్త్రీలలో నలుగురి కంటే తక్కువ మందికి కొత్తగా ఈ వ్యాధి వచ్చే స్థితిని నిర్మూలనగా లెక్కిస్తారు.

లక్ష్యాలు అర్థమయ్యాయి. వాటికి ఆధారమైన పరిశోధన విషయంలోనే నాకు కొన్ని సందేహాలు మిగిలాయి. వైరస్ సోకిన తరువాత క్యాన్సర్‌గా మారడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుందని చదివాను. మొదటి టీకాకు అనుమతి వచ్చింది 2006లో. ఆనాటి ప్రయోగాలు కొద్ది ఏళ్లు మాత్రమే సాగినప్పుడు, ఈ టీకా క్యాన్సర్‌నే ఆపుతుందని ఎలా నిర్ధారించారు? మొదట మూడు డోసులు అన్నారు, తరువాత రెండన్నారు, ఇప్పుడు ఒక్కటి చాలంటున్నారు. ఈ మార్పుకు కారణం శాస్త్రమా, టీకాల కొరతా? చివరిగా, టీకా అంత బాగా పనిచేస్తున్నప్పుడు స్క్రీనింగ్ మీద, చికిత్స మీద ఇంకా ఇంత పరిశోధన ఎందుకు జరుగుతోంది? ఈ రంగంలో పనిచేసేవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


సమాధానం: సూక్ష్మదర్శిని

మీ మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు, ఈ వైరస్ కణంలో చేసే పనిని కొంత చెప్పుకోవాలి. టీకా క్యాన్సర్‌ను ఆపుతుందన్న నమ్మకం అక్కడి నుంచే మొదలైంది.

చాలాకాలం శాస్త్రజ్ఞులు ఈ క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని అనుమానించారు. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ మాత్రం పాపిలోమా వైరస్‌ల వైపు చూశారు. ఆయన బృందం 1983లో హెచ్‌పీవీ 16ను, 1984లో హెచ్‌పీవీ 18ను క్యాన్సర్ కణజాలంలో గుర్తించింది. ప్రపంచవ్యాప్తంగా ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. ఆ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే స్త్రీ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి, ఆమె అనుమతి లేకుండా తీసుకున్న కణాలే నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్న హీలా కణాలు. వాటిలో ఉన్నది హెచ్‌పీవీ 18 అని ఆ తరువాత తేలింది. ఈ రంగం ఆమెకు ఎంత రుణపడి ఉందో చెప్పుకోకుండా ఈ చరిత్ర చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఈ వైరస్‌లోని ఇ6 అనే ప్రోటీన్ మన కణంలోని పీ53ని నాశనం చేయిస్తుంది, ఇ7 అనే ప్రోటీన్ ఆర్‌బీ అనే మరో ప్రోటీన్‌ను పనిచేయకుండా చేస్తుంది. ఆ రెండూ కణం అదుపు తప్పి విభజన చెందకుండా కాపాడేవే. అయితే వైరస్ సోకిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ రాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దానిని వదిలించుకుంటుంది. కొందరిలో అది ఏళ్ల తరబడి నిలిచిపోతుంది; అలా నిలిచినవాటిలో కొన్ని ముందు దశ మార్పులుగా, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. అంటే వైరస్ నిలవకుండా ముందు దశ రాదు, ముందు దశ రాకుండా క్యాన్సర్ రాదు.

ఇక టీకా సంగతి. వైరస్ పైపొరలోని ప్రోటీన్లను విడిగా తయారుచేస్తే, అవి వాటంతట అవే ఒకచోట చేరి వైరస్ ఆకారాన్ని పొందుతాయని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో జియాన్ జౌ, ఇయాన్ ఫ్రేజర్ 1991లో చూపించారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో డగ్లస్ లోవీ, జాన్ షిల్లర్ వైరస్‌ను పోలిన ఈ రేణువులు బలమైన ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) పుట్టిస్తాయని నిరూపించారు. గింజ లేని కాయలాగా ఇందులో పైతొక్క తప్ప వైరస్ డీఎన్‌ఏ ఉండదు. కనుక టీకా వల్ల వైరస్ సోకే అవకాశం లేదు.

మీరు అడిగిన అసలు విషయానికి వస్తే, తొలి ప్రయోగాలలో క్యాన్సర్‌ను కాక, ముందు దశ మార్పులను కొలమానంగా తీసుకున్నారు. సమయం సరిపోకపోవడం అందుకు ఒక కారణం మాత్రమే. ముందు దశ కనబడిన స్త్రీకి చికిత్స చేయకుండా క్యాన్సర్ వస్తుందో రాదో చూస్తూ కూర్చోవడం నేరం. అలాంటి పని ఒకచోట జరిగింది కూడా. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక ఆసుపత్రిలో 1960ల నుంచి కొందరు స్త్రీలకు తీవ్రమైన ముందు దశ ఉన్నదని తెలిసీ తగిన చికిత్స చేయకుండా గమనిస్తూ పోయారు. 1987లో ప్రభుత్వం విచారణ జరిపించి, రోగుల హక్కుల విధానాన్నే మార్చింది. చికిత్స సరిగా అందని ఆ స్త్రీలలో 30 ఏళ్లలో సుమారు 30 శాతం మందికి క్యాన్సర్ వచ్చిందని 2008లో వెలువడిన విశ్లేషణ తేల్చింది. ముందు దశ ఎంత ప్రమాదకరమో మనకు అంత కచ్చితంగా తెలియడానికి కారణం ఆ స్త్రీలకు జరిగిన అన్యాయమే. అందుకే ఏ నైతిక సంఘమూ క్యాన్సర్ వచ్చేదాకా వేచిచూసే ప్రయోగానికి అంగీకరించదు.

టీకా కార్యక్రమాలు మొదలై ఏళ్లు గడిచాక, దేశాల క్యాన్సర్ రిజిస్ట్రీల (క్యాన్సర్ కేసుల నమోదు పట్టికల) నుంచి నేరుగా సమాధానం దొరికింది. స్వీడన్‌లో సుమారు 16 లక్షల 70 వేల మంది బాలికల, యువతుల వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 17 ఏళ్ల లోపు టీకా వేయించుకున్నవారిలో క్యాన్సర్ ముప్పు 88 శాతం తక్కువగా కనిపించింది. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్ల వయసులో టీకా అందిన తరంలో ఆ తగ్గుదల 87 శాతమని 2021లో తేలింది. స్కాట్లండ్‌లో అదే వయసులో టీకా పూర్తి చేసుకున్నవారిలో ఒక్కరికి కూడా క్యాన్సర్ నమోదు కాలేదని 2024లో ప్రకటించారు. ఆ తరం స్త్రీల వయసు ఇంకా పెరగవలసి ఉన్న మాట నిజమే. అయినా ఇది వైరస్‌పై పరోక్ష అంచనా కాదు, క్యాన్సర్‌పైనే లెక్క.


సమాధానం: జనారోగ్యం

రెండో ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను. టీకాల కొరత ఉన్నది నిజం; 2018 తరువాత కొన్నేళ్లపాటు అనేక దేశాలు తమ కార్యక్రమాలను వాయిదా వేసుకున్నాయి. అయితే ఒక్క డోసు సరిపోవచ్చన్న ఆలోచన అంతకు చాలా ముందే, ఎవరూ అనుకోని విధంగా పుట్టింది.

కోస్టారికాలో 2004లో మొదలైన ప్రయోగంలో కొందరు స్త్రీలు, గర్భం రావడం వంటి కారణాల వల్ల, మూడు డోసులు పూర్తి చేయలేకపోయారు. ఒక్క డోసు మాత్రమే అందినవారిని కూడా పరిశోధకులు వదిలిపెట్టకుండా గమనిస్తూ వచ్చారు. వారిలో ప్రతిరక్షకాల స్థాయి మూడు డోసులవారి కంటే తక్కువే అయినా, అది పడిపోకుండా పదేళ్లకు పైగా నిలకడగా ఉంది. భారతదేశంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో రెండు, మూడు డోసులను పోల్చే ప్రయోగాన్ని ప్రారంభించింది. వేరొక హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టుపై వివాదం రేగడంతో 2010లో ప్రభుత్వం హెచ్‌పీవీ టీకా ప్రయోగాలన్నింటినీ నిలిపివేసింది. అందువల్ల దాదాపు 5,000 మంది బాలికలు ఒక్క డోసుతో మిగిలిపోయారు. పదేళ్ల తరువాత చూస్తే, హెచ్‌పీవీ 16, 18 శరీరంలో నిలిచిపోకుండా ఆపడంలో ఒక్క డోసు 95 శాతం ప్రభావం చూపింది. రెండు, మూడు డోసుల ఫలితం కూడా దాదాపు అంతే.

ఈ రెండింటిలోనూ ఎవరికి ఎన్ని డోసులు అందుతాయన్నది ముందుగా లాటరీ పద్ధతిలో నిర్ణయించినది కాదు కనుక, విమర్శకులకు ఒక సహేతుకమైన అభ్యంతరం మిగిలింది. కెన్యాలో జరిగిన కెన్-షీ ప్రయోగం ఆ లోటును తీర్చింది. 15 నుంచి 20 ఏళ్ల మధ్య వయసున్న 2,275 మంది యువతులను లాటరీ పద్ధతిలో విభజించి, ఒక వర్గానికి హెచ్‌పీవీ టీకా, మరో వర్గానికి మెనింజైటిస్ టీకా ఇచ్చారు. 18 నెలల నాటికి హెచ్‌పీవీ 16, 18 నిలవకుండా ఆపడంలో ఒక్క డోసు 97.5 శాతం ప్రభావం చూపినట్టు 2022లో ప్రచురితమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2022 ఏప్రిల్‌లో 9 నుంచి 20 ఏళ్ల వయసువారికి ఒకటి లేదా రెండు డోసులు ఇవ్వవచ్చని చెప్పింది. హెచ్ఐవీ ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఈ వెసులుబాటు వర్తించదు. వారికి కనీసం రెండు, వీలైతే మూడు డోసులు ఇవ్వాలి.

కాబట్టి కొరత ఈ ప్రశ్నను తొందరపెట్టింది గానీ, సమాధానాన్ని నిర్ణయించలేదని నేను అంటాను. ఇప్పటి లెక్క చూస్తే ఈ మార్పు ఎంత అవసరమో తెలుస్తుంది. 2024లో ప్రపంచంలోని బాలికలలో 31 శాతం మందికి మాత్రమే కనీసం ఒక డోసు అందింది. బడికి ఒక్కసారి వెళ్లి వేయగల టీకాకూ, ఆరు నెలల తరువాత అదే పిల్లను మళ్లీ వెతికి వేయవలసిన టీకాకూ ఆచరణలో చాలా తేడా ఉంటుంది. ఆ పని చేసే ఆరోగ్య కార్యకర్తలను అడిగితే తెలుస్తుంది.


జిజ్ఞాసువు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆక్లండ్ సంగతి నాకు తెలియదు. చదివాక మనసు కలతపడింది. ఒక అనుబంధ ప్రశ్న: జపాన్‌లో ఈ టీకాను దుష్ప్రభావాల కారణంగా ఆపేశారని తరచూ వింటుంటాం. అందులో నిజమెంత? స్క్రీనింగ్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?


సమాధానం: జనారోగ్యం

జపాన్ టీకాను నిషేధించలేదు. 2013 ఏప్రిల్‌లో జాతీయ కార్యక్రమంలో చేర్చి, కొందరు బాలికలలో దీర్ఘకాలిక నొప్పులు, కదలికల ఇబ్బందులు వచ్చాయన్న వార్తలు వెలువడిన తరువాత, అదే ఏడాది జూన్‌లో, వేయించుకోవాలని ప్రజలకు చురుకుగా సిఫారసు చేయడం మానేసింది. అప్పటిదాకా 70 శాతం వరకు ఉన్న టీకా రేటు ఒక శాతం కంటే తక్కువకు పడిపోయింది. నగోయా నగరంలో సుమారు 30,000 మంది యువతులను 24 రకాల లక్షణాల గురించి అడిగి జరిపిన అధ్యయనంలో, టీకా వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ మధ్య తేడా కనిపించలేదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం తిరిగి సిఫారసు చేయడం మొదలుపెట్టింది. ఆ బాలికల బాధను కొట్టిపారేయకూడదు. వారికి వైద్యం అందవలసిందే. కానీ ఆ బాధకు టీకా కారణమని నిరూపణ కాకముందే దాదాపు తొమ్మిదేళ్లపాటు ఒక తరానికి రక్షణ దూరమైంది. ఆ నష్టం ముందు ముందు క్యాన్సర్ లెక్కల్లో కనబడుతుందని నా ఆందోళన.


సమాధానం: స్త్రీవైద్యం

స్క్రీనింగ్ నా రోజువారీ పని కనుక కొంచెం విపులంగా రాస్తాను. మీ మూడో ప్రశ్నకు సూటి సమాధానం ఇది: ఇప్పుడున్న టీకా వైరస్ సోకకముందు ఇస్తేనే పూర్తిగా పనిచేస్తుంది, అప్పటికే శరీరంలో ఉన్న వైరస్‌ను అది తొలగించదు. ఈనాడు 30, 40, 50 ఏళ్ల వయసులో ఉన్న కోట్లాది స్త్రీలకు వారి బాల్యంలో ఈ టీకా లేదు. 2022లో ప్రపంచంలో సుమారు 6 లక్షల 60 వేల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, సుమారు 3 లక్షల 50 వేల మంది చనిపోయారు. ఆ మరణాలలో 94 శాతం అల్ప, మధ్య ఆదాయ దేశాలలోనివే. పన్నెండేళ్ల పిల్లలకు ఈ రోజు టీకా వేస్తే ఈ మరణాలు రేపు తగ్గవు. తల్లుల తరానికి మనం ఏమి చేస్తున్నామన్నదే నన్ను ఎప్పుడూ వేధించే ప్రశ్న.

ముఖద్వారం నుంచి కణాలను తీసి సూక్ష్మదర్శినిలో చూసే, జార్జ్ పాపనికొలావ్ రూపొందించిన పాప్ స్మియర్ పరీక్ష 1940లలో వాడుకలోకి వచ్చింది. ఫిన్లండ్ వంటి దేశాలు 1960లలో ప్రతి స్త్రీకీ ఆహ్వానం పంపి, ఫలితాన్ని వెంటాడి, చికిత్స పూర్తయ్యేలా చూసే పద్ధతిని నెలకొల్పి మరణాలను సుమారు 80 శాతం తగ్గించాయి. అయితే ఒక్కసారి చేసిన పాప్ పరీక్ష చాలా ముందు దశలను గుర్తించలేకపోతుంది. అది పనిచేసేది మళ్లీ మళ్లీ చేయడం వల్లనే. ఆ కణాలను చదవడంలో శిక్షణ పొందిన సైటాలజీ నిపుణులు, ప్రయోగశాలలు, ఫలితం కోసం స్త్రీ తిరిగి రావడం, ఇవన్నీ కుదరాలి. చాలా దేశాలలో అవి కుదరలేదు. పరీక్ష చేయించుకుని ఫలితం ఎప్పటికీ చేతికందని స్త్రీలను, ఫలితం అందినా చికిత్స దాకా చేరని స్త్రీలను నేను చాలామందిని చూశాను.

నమూనాలో వైరస్ డీఎన్‌ఏ ఉందేమో వెతికే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష ఇక్కడే పరిస్థితిని మార్చింది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్) జిల్లాలో లక్షా 30 వేలకు పైగా స్త్రీలతో జరిగిన ప్రయోగంలో, ఒకే ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించిందని 2009లో వెల్లడైంది. అదే ప్రయోగంలో ఒక్కసారి చేసిన పాప్ పరీక్షతో గానీ, ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్షతో గానీ మరణాలలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. ఐరోపాలోని నాలుగు ప్రయోగాలను కలిపి 2014లో ప్రచురించిన విశ్లేషణ కూడా, పాప్ పరీక్షతో పోలిస్తే హెచ్‌పీవీ పరీక్ష క్యాన్సర్ నుంచి 60 నుంచి 70 శాతం అధిక రక్షణ ఇస్తుందని చెప్పింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనినే మొదటి పరీక్షగా సిఫారసు చేసింది: సాధారణంగా 30 ఏళ్ల నుంచి, ఐదు నుంచి పదేళ్లకొకసారి; హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ కనుక వారికి 25 ఏళ్ల నుంచి, మూడు నుంచి ఐదేళ్లకొకసారి.

ఈ పరీక్షకు ఇంకో గొప్ప మేలు ఉంది. నమూనాను స్త్రీ తానే తీసుకోవచ్చు. పీసీఆర్ పద్ధతిలో పరీక్షించినప్పుడు, స్వయంగా తీసుకున్న నమూనా వైద్యులు తీసిన నమూనాకు దాదాపు సమానంగా ముందు దశలను పట్టుకుంటుందని అనేక అధ్యయనాల సమీక్షలో తేలింది. ఆస్ట్రేలియా 2022 జూలై నుంచి స్క్రీనింగ్‌కు అర్హులైన స్త్రీలందరికీ ఈ అవకాశం ఇచ్చింది. లోపలి పరీక్ష అంటే భయం వల్ల, సిగ్గు వల్ల, గతంలో ఎదురైన హింస వల్ల ఆసుపత్రి గడప తొక్కని స్త్రీలు ఉన్నారు. వారిని తప్పుపట్టే బదులు పరీక్షనే వారి దగ్గరకు తీసుకువెళ్లడం నాకు ఈ మొత్తం పరిశోధనలో అత్యంత మానవీయమైన మలుపుగా తోస్తుంది.

చిక్కులు లేవని కాదు. పరీక్షలో వైరస్ కనబడినవారిలో అధిక భాగం మందికి ముందు దశ ఉండదు. అందరికీ చికిత్స చేస్తే అనవసరపు చికిత్సలు పెరుగుతాయి, కొన్ని రకాల చికిత్సల వల్ల తరువాతి గర్భాలలో నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు కూడా పెరుగుతుంది. ఎవరికి చికిత్స అవసరమో వేరుచేయడం మీద ఇప్పుడు తీవ్రమైన కృషి జరుగుతోంది. వైరస్ రకాన్ని బట్టి ముప్పును అంచనా వేయడం, కణాలలో పీ16, కేఐ67 అనే గుర్తులను చూడడం, డీఎన్‌ఏలో మిథైలేషన్ (డీఎన్‌ఏకు అంటుకునే రసాయన గుర్తులు) మార్పులను కొలవడం, ముఖద్వారం ఫొటోలను కృత్రిమ మేధతో విశ్లేషించడం అందులో భాగాలు. వీటిలో కృత్రిమ మేధ పద్ధతిని ఒక కెమెరా నుంచి మరో కెమెరాకు మార్చినప్పుడు దాని కచ్చితత్వం నిలుస్తుందా లేదా అన్నది తేలకుండా విరివిగా వాడకూడదని నా అభిప్రాయం.

చికిత్స పరికరాలూ సులువయ్యాయి. కణజాలాన్ని అతి చల్లదనంతో గడ్డకట్టించే మునుపటి క్రయోథెరపీకి బరువైన గ్యాస్ సిలిండర్లు కావాలి. బ్యాటరీతో పనిచేసే థర్మల్ అబ్లేషన్ పరికరం 100 డిగ్రీల వేడితో 20 నుంచి 30 సెకన్లలో మార్పు చెందిన కణజాలాన్ని నాశనం చేస్తుంది. తగిన శిక్షణ పొందిన నర్సు కూడా దానిని వాడవచ్చు. పరీక్ష జరిగిన రోజే చికిత్స పూర్తయితే, ఆ స్త్రీని మధ్యలో కోల్పోయే ప్రమాదం ఉండదు. కొత్త అణువును కనుగొనడంతో పోలిస్తే ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ప్రాణాలు పోతున్నది మాత్రం పరీక్షకూ చికిత్సకూ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే.


సమాధానం: వికిరణ

పై సమాధానాలకు ఒక అంశం మాత్రం జోడిస్తాను. క్యాన్సర్ ఇప్పటికే వచ్చినవారిని ఈ చర్చలో మరచిపోకూడదు. ముఖద్వారం దాటి వ్యాపించిన కణితులకు 1999 నుంచి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు ఇవ్వడమే ప్రామాణిక చికిత్స. రెండు దశాబ్దాలకు పైగా అందులో పెద్ద ముందడుగు పడలేదు. 2024లో ప్రచురితమైన ఇంటర్‌లేస్ ప్రయోగంలో, రేడియేషన్‌కు ముందు ఆరు వారాలపాటు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులు ఇచ్చినప్పుడు ఐదేళ్లు జీవించినవారు 72 శాతం నుంచి 80 శాతానికి పెరిగారు. ఈ రెండూ పేటెంటు గడువు దాటిన పాత మందులే కావడం నాకు ఎంతో ఆశ కలిగించింది. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్‌పైకి మళ్లించే) మందును కీమోథెరపీ, రేడియేషన్‌లతో కలిపి ఇవ్వడానికి అమెరికాలో 2024 జనవరిలో అనుమతి వచ్చింది గానీ, దాని ఖరీదు అధిక భాగం రోగులకు అందేది కాదు.

ఇప్పటికే వైరస్ నిలిచిపోయిన స్త్రీల కోసం చికిత్సా టీకాల మీద కూడా పరిశోధన సాగుతోంది. సూక్ష్మదర్శిని గారు వివరించిన ఇ6, ఇ7 ప్రోటీన్లను గుర్తించి, అవి ఉన్న కణాలను చంపేలా రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలను సిద్ధం చేయడం వాటి ఉద్దేశం. ఒకవేళ అవి ఫలిస్తే స్త్రీవైద్యం గారు చెప్పిన తల్లుల తరానికి నేరుగా ఉపయోగపడతాయి. అంతవరకు రేడియేషన్ యంత్రాలు, ముఖ్యంగా కణితి దగ్గరే వికిరణం ఇచ్చే బ్రాకీథెరపీ సౌకర్యం, అవసరమైన ప్రతి స్త్రీకీ అందేలా చూడాలి. బ్రాకీథెరపీ లేకుండా బయటి రేడియేషన్ ఒక్కటే ఇస్తే వ్యాధి నయమయ్యే అవకాశం బాగా తగ్గుతుంది, బ్రాకీథెరపీకి ప్రత్యామ్నాయం లేదు.


జిజ్ఞాసువు:

మీ అందరికీ నా హృదయపూర్వక ధన్యవాదాలు. 78 అల్ప, దిగువ మధ్య ఆదాయ దేశాలలో ఈ మూడు లక్ష్యాలూ నెరవేరితే 2120 నాటికి 6 కోట్ల 20 లక్షల మరణాలను నివారించవచ్చని 2020లో వచ్చిన ఒక గణిత నమూనా అంచనా వేసింది. ఆ సంఖ్యను ఇంతవరకు టీకా లెక్కగానే చదివాను. రాబోయే 20, 30 ఏళ్లలో నివారించగల మరణాలలో ఎక్కువ భాగం స్క్రీనింగ్, చికిత్సల మీదనే ఆధారపడి ఉంటాయని ఇప్పుడు స్పష్టమైంది. చికిత్సా టీకాల ప్రయోగాలు ప్రస్తుతం ఏ దశలో ఉన్నాయో వికిరణ గారు వీలు చూసుకుని వేరే ప్రశ్న కింద వివరిస్తే, నాలాంటి పాఠకులకు ఎంతో ఉపయోగం.